ఎవరి వైపు నుంచి వచ్చిందని వెతక్కండి

పిల్లల మెదడు కణితుల మీద జరుగుతున్న పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే) పరిశోధనల గురించి మంచి వ్యాసం రాశారు. కానీ అసలు విషయాన్ని ‘జన్యులోపం వల్ల’ అని ఒక్క మాటతో దాటేశారు. ఇంకేముంది, కింద కామెంట్లలో మేనరికమా, ఎవరి వైపు నుంచి వచ్చింది అని చర్చ మొదలైంది!

పిల్లల్లో వచ్చే డీఐపీజీ అనే మెదడు కణితినే తీసుకోండి. మెదడు కాండంలో, కోసి తీయడానికి వీల్లేని చోట వస్తుంది. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3 అనే ప్రోటీన్‌లో 27వ స్థానంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. ఈ కణితుల్లో చాలావాటిలో అక్కడ మిథియోనిన్ అనే వేరే అమైనో ఆమ్లం ఉందని 2012లో తేలింది. ఇది కణితి కణాల్లో కొత్తగా పుట్టిన మార్పు. అమ్మానాన్నలు ఇచ్చింది కాదు.

అది చేసే పనేంటో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ అల్లిస్ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా పనిచేసిన పీటర్ లూయిస్, ఇతరులు 2013లో చూపించారు. పీఆర్‌సీ2 అనే ఎంజైమ్ హిస్టోన్ల మీద మెథైల్ అనే రసాయన గుర్తులు పెట్టి కొన్ని జన్యువులకు తాళం వేసి ఉంచుతుంది. మారిన హిస్టోన్ ఆ తాళం వేసే చేతినే పట్టేసుకుంటుంది. విచిత్రమేంటంటే, కణంలోని మొత్తం హెచ్3లో ఇది కొద్ది భాగమే. అయినా మామూలు హిస్టోన్ల మీది మెథైల్ గుర్తులు కూడా తగ్గిపోతాయి.

చికిత్స తర్వాత కూడా పెరిగే ఈ హిస్టోన్ మార్పు ఉన్న కణితులకు 2025 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డోర్డావిప్రోన్ మందును అనుమతించింది. నయమైపోతుందని కాదు, కొందరిలో కణితి తగ్గింది. ఈ పరిశోధనకు కావాల్సిన కణజాలంలో చాలా భాగం, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు దానం చేసిందే. వ్యాసకర్తగారూ, వీలైతే ఆ దానం గురించి విడిగా రాయండి.