తొలగించే ముందు చూపించాలి

కంప్యూటర్ వివరాలు చూపుతూ అనవసరపు ఫైళ్లను తొలగించే సాఫ్ట్‌వేర్‌కు ఏ మార్పులు అవసరమన్న వ్యాసం చదివాను. గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ పని చేసుకునే నాకు ముఖ్యంగా కావలసింది, ఏ ఫోల్డరులో ఏ ఫైలు ఎంత చోటు ఆక్రమించిందో చూపి, అనుమతి తీసుకున్నాకే తొలగించే పద్ధతి. 2018 చివర్లో విండోస్ 10లో అనవసరపు ఫైళ్లను తొలగించే డిస్క్ క్లీనప్‌ జాబితాలోకే డౌన్‌లోడ్స్ ఫోల్డరు వచ్చి చేరింది. మా దగ్గర ఖాతాదారులు పంపే శుభలేఖల ఫైళ్లన్నీ ఉండేది అందులోనే మరి! విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీని శుభ్రపరిచే సదుపాయం తీసేసినా నష్టం లేదు. అలాంటి సాధనాలను మైక్రోసాఫ్టే సమర్థించదు. దాని బదులు, పాడవడంతో పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కులో డేటా దాచే చిన్న భాగాలు) ఎన్నో, ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డిస్కు) అయితే ఇప్పటివరకు ఎంత డేటా రాశారో డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ సమాచారం నుంచి తీసి తేలిక తెలుగులో చూపితే, డిస్కు మొరాయించకముందే బ్యాకప్ తీసుకోగలుగుతాం.