పెండలం ఇల్లరికం

(రియో డి జనీరోలోని సావో క్రిస్టోవావ్ సంత. శనివారం రాత్రి. కొడుకు కారు పెట్టడానికి వెళ్లాడు. భార్యాభర్తలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఆయనది సామర్లకోట, సగ్గుబియ్యం మిల్లులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఆవిడ పుట్టిల్లు పలాస.)

ఆవిడ: ఏమండీ, గేటు దగ్గర అకార్డియన్ పట్టుకున్న ఆ విగ్రహం ఎవరిది?

ఆయన: లూయిజ్ గొంజాగా. 1912లో పుట్టాడు. ఈశాన్య బ్రెజిల్ పాటని దేశమంతా మోగించినవాడు. ఈ సంతకి ఆయన పేరే. అటునుంచి రియోకి పనికొచ్చినవాళ్లు 1945లో రోడ్డు మీద మొదలెట్టారు, 2003లో ఈ లోపలికి మార్చారు.

ఆవిడ: ఇన్ని తెలుసు, గ్యాస్ బండ ఎప్పుడు బుక్ చేశారో అడిగితే మాత్రం గుర్తుండదు.

(భోజనం వచ్చింది. గొడ్డుమాంసం వెయ్యొద్దని కొడుకు ముందే చెప్పి వెళ్లాడు. అన్నంలో బొబ్బర్లు, మధ్యమధ్య పన్నీరులాంటి ముక్కలు. పక్కన ఒక సీసా.)

ఆవిడ: ఇది నెయ్యే! వాసన చూడండి.

ఆయన: నెయ్యి కాదు. సీసా వెన్న అంటారు. వెన్నని సన్నటి సెగ మీద కాచి, అడుగున మడ్డి వదిలేసి...

ఆవిడ: వెన్న కాస్తే ఏమొస్తుందో మీరు నాకు చెబుతున్నారా?

ఆయన: అంత పోస్తున్నావేమిటే! డాక్టరు ఏమన్నాడు?

ఆవిడ: మీకు పొయ్యలేదు. నా పళ్లెంలో పోసుకున్నాను.

ఆయన: మరి నాకు?

ఆవిడ: డాక్టర్ని అడిగి పోస్తాను. ఈ తేనెరంగు సీసా ఏమిటి? మందు కాదుగా?

ఆయన: కజుయినా. పియావీ రాష్ట్రంలో పేరున్న పానీయం. జీడిమామిడి పండ్ల రసం తేటగా వడకట్టి, సీసాల్లో పోసి, ఆ సీసాల్ని నీళ్లలో పెట్టి మరిగిస్తారు. పండులోని చక్కెరకి ఈ రంగొస్తుంది.

ఆవిడ: పండు రసమా! మా వైపు గింజ తీసుకుని, పండు తోటలోనే వదిలేస్తారు. పాపం, వీళ్లకి పప్పు విలువ తెలిసినట్టు లేదు. ఎంతైనా జీడిపప్పంటే మా పలాసే.

ఆయన: (పగలబడి నవ్వి) పిచ్చిదానా, జీడిమామిడికి మీ పలాస అత్తారిల్లు. పుట్టిల్లు ఈ ఈశాన్య బ్రెజిలే! 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఓడెక్కించి గోవా తెచ్చారు. పెళ్లయిన దగ్గర్నుంచీ మా పలాస, మా పలాస అని నా చెవులు చిల్లులు పొడిచావు!

ఆవిడ: అయితే ఏం? అత్తారింట్లో నోరెత్తకుండా కాపురం చేసుకుంటోంది. నాలాగే.

ఆయన: నువ్వు... నోరెత్తకుండా!

ఆవిడ: మాట మార్చకండి. అటు చూడండి, ఆ అమ్మాయి పొడిపిండి పెనం మీద చల్లుతోంది. నూనె లేదు, నీళ్లు లేవు. అట్టు ఎలా అవుతుంది?

ఆయన: (లేచి వెళ్లి, పెనం మీదకి వంగి) పొడి కాదే, చెమ్మ ఉంది. వేడి తగలగానే పలుకూ పలుకూ కరుచుకుంటోంది... అదిగో, అంచు లేచింది! ఒక్క కుదుపుకి తిరగబడింది! ఏమే, ఇది మన కర్రపెండలం పిండే! మా మిల్లులో తొట్టి అడుగున పేరుకునే పిండి! సామర్లకోట నుంచి ఎవడో వచ్చి నేర్పి ఉంటాడు.

ఆవిడ: ఫోనిలా ఇవ్వండి. (వెతికి) కర్రపెండలం... దక్షిణ అమెరికా మొక్క. అమెజాన్ అడవులకి దక్షిణపు అంచున వేల ఏళ్ల కిందటే సాగు చేశారట. ఏమండోయ్, మా జీడిమామిడి కోడలై వచ్చింది, బానే ఉంది. మరి మీ పెండలం సామర్లకోటకి ఇల్లరికం వచ్చిందా?

ఆయన: నెట్‌లో రాసిందల్లా నిజమేనా?

ఆవిడ: జీడిమామిడి సంగతి మీరెక్కడ చదివారు?

ఆయన: ...కొబ్బరి వేసిన అట్టు ఒకటి చెప్పు.

(స్టేజీ మీద పాట మొదలైంది. అకార్డియన్, ఇనుప త్రికోణం, భుజానికి వేలాడే జబుంబా డోలు. ఆ డోలుని పైన మెత్తటి గుండుపుల్లతో, కింద సన్నటి బద్దతో ఒక్కడే వాయిస్తున్నాడు. కుర్చీలు ఖాళీ అయిపోయాయి.)

ఆవిడ: ఈ ఆటనే ఫోహో అంటారట. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. తేలికే.

ఆయన: దానికి అంత దగ్గరగా పట్టుకోవడమెందుకు?

ఆవిడ: మొగుడూ పెళ్లాలేమో.

ఆయన: కాదు. ఆ ఎర్రగౌను అమ్మాయి ఇందాకటి పాటకి ఇంకొకడితో ఆడింది.

ఆవిడ: పాట వింటున్నారా, గౌన్లు లెక్కపెడుతున్నారా?

(ఒక ముసలావిడ వచ్చి ఆయన ముందు చెయ్యి చాపింది.)

ఆయన: ఈవిడకేం కావాలి? చిల్లరా?

ఆవిడ: మీరు కావాలి. లేవండి.

ఆయన: నా మోకాళ్లు! చెప్పవే ఆవిడకి!

ఆవిడ: నాకు పోర్చుగీసు రాదు. అన్నీ తెలిసింది మీకేగా.

(ముసలావిడ లాక్కుపోయింది. పాట అయింది. ఇంకోటి మొదలైంది. అదీ అయింది.)

ఆవిడ: ఏమండీ! అట్టు చల్లారిపోతోంది! ఇక వచ్చి కూర్చోండి, మోకాళ్లు నొప్పులన్నారుగా!

ఆయన: (గుంపులోంచి) ఏ మోకాళ్లు?