సవరణ: ఇంటి దగ్గర ఓటుకి 80 కాదు, 85 ఏళ్ళు

మొన్న మన కాలనీ ఓటర్ల గ్రూపు పోస్టులో 80 దాటిన పెద్దవాళ్ళు ఇంటి దగ్గరే ఓటేయొచ్చని ఉంది కదా, అది పాత రూల్ అండి, 2024 మార్చిలో 85కి పెంచేశారు. దివ్యాంగులకి మాత్రం మారలేదు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చాలు.

ఇంకోటి, ఇది దానంతటదే రాదు, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు ఫారం 12డి (ఇంటి దగ్గర ఓటుకి పెట్టుకునే దరఖాస్తు) నింపి ఇవ్వాలి, మామూలుగా బీఎల్ఓనే (మన బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి) ఇంటికొచ్చి తీసుకుంటారు, తర్వాత పోలింగ్ సిబ్బంది వీడియోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చి పోస్టల్ బ్యాలెట్ మీద ఓటేయిస్తారు, వీడియో అన్నాం కదా అని కంగారొద్దు, ఓటు ఎవరికేశారన్నది రహస్యమే. 12డి ఓకే అయ్యాక మాత్రం బూత్‌కెళ్ళి వేస్తానంటే కుదరదు, వీల్‌చెయిర్‌లోనైనా సరే బూత్‌కే వెళ్తానని పట్టుబట్టే తాతగార్లు ఇది చూసుకోండి.

ఇదంతా లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకే, పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, వాళ్ళ రూల్స్ వేరు.

మీ వెనకాల ఏ పార్టీ ఉందని అడిగారు కొందరు, ఏ పార్టీ లేదు, 12డి నింపడంలో సాయానికి ఎవరింటికైనా వస్తాం, ఎవరికేస్తారో అడగం. పాత పోస్టు ఫార్వర్డ్ చేసినోళ్ళు దీన్ని కూడా అదే గ్రూపుల్లో పడేయండి ప్లీజ్.