గోడ దాటిన ఎలక్ట్రాన్ అలసిపోతుందా?

ఎలక్ట్రాన్ల లాంటి సూక్ష్మ కణాల తీరు చెప్పే క్వాంటమ్ మెకానిక్స్ పిల్లలకు లెక్కల వల్లే కష్టమవుతోందని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. పెట్టెలో బంధించిన కణానికి ష్రోడింగర్ సమీకరణం (కణం తీరు చెప్పే మూల సమీకరణం) అడిగితే గడగడా సాధించేస్తారు. అదే పిల్లల్ని, టన్నెలింగ్‌లో, అంటే దాటడానికి చాలినంత శక్తి లేకపోయినా కణం అవతలికి చేరిపోవడంలో, అడ్డుగోడ దాటిన ఎలక్ట్రాన్‌కి శక్తి తగ్గుతుందా అని అడిగితే ఎక్కువమంది తగ్గుతుందనే అంటారు. "గోడలోంచి దూరి వెళ్లాలి కదా సార్, అలసిపోదా?" అన్నాడొకడు! నిజానికి తగ్గేది అవతల కనబడే సంభావ్యత, శక్తి కాదు. ఇందులో తప్పు మాదీ ఉంది. తరంగ ప్రమేయాన్నీ (కణం ఎక్కడ కనబడొచ్చో చెప్పే అల) దాని శక్తిని చూపే గీతనూ ఒకే బొమ్మలో కలిపి గీసేస్తాం. అల తగ్గితే శక్తే తగ్గినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు విడివిడిగా గీస్తున్నాను.

ఇంకోటి, క్లాసులో చూపించిన మూడు పోలరాయిడ్ ముక్కల ప్రయోగం. పోలరాయిడ్ అంటే ఒక దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చే పలక. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే వెలుతురు ఆగిపోతుంది. మధ్యలో మూడోదాన్ని 45 డిగ్రీల్లో దూర్చితే మళ్లీ వస్తుంది, మొదటిది దాటినదాంట్లో దాదాపు నాలుగో వంతు. అడ్డు పెంచితే వెలుతురు పెరగడమేంటని వెనక బెంచీ వాళ్లు కూడా లేచి ముందుకొచ్చారు. ఒక్కో ముక్క దాటడమూ ఒక కొలతే, కొలిస్తే స్థితి మారుతుందన్న మాట అప్పుడు చెబితే ఎక్కింది. సూపర్‌పొజిషన్ (ఒకే కణం పలు స్థితుల కలయికలో ఉండడం) ఆ తర్వాతే మొదలుపెడతాను. సిలబస్ కాస్త వెనకబడుతుంది, పడనివ్వండి.