డబ్బాలు దాచాను, క్షమించండి

క్రమశిక్షణ గల పౌరుడిగా ఒక నిజం ఒప్పుకుంటున్నాను. మా ఇంటి అటక మీద 10 రోజుల తిండి దాచాను. సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదిన్నర రోజులది. బిస్కెట్ల పెట్టెను పిల్లలు రెండో రోజే పసిగట్టారు. నిఘా అంటే వాళ్లది!

ఈ బుద్ధి నాకై నాకు పుట్టింది కాదు, ప్రభుత్వాల మాటలు విని పుట్టింది. 10 రోజులకు తిండి, 5 రోజులకు నీళ్లు ఇంట్లో ఉంచుకోమని 2016లో జర్మనీ తన ప్రజలకు చెప్పింది. యుద్ధమొస్తే ఏం చేయాలో వివరిస్తూ 2018లో స్వీడన్ 48 లక్షల ఇళ్లకు చిన్న పుస్తకం పంపింది. కనీసం 72 గంటలకైనా సిద్ధంగా ఉండమని 2025లో యూరోపియన్ యూనియన్ అంది. అమెరికాలో విపత్తుల సంగతి చూసే ఫెమాదీ ఎప్పటినుంచో ఇదే పాట.

అదే అమెరికాలో 2012 ప్రాంతంలో ఎఫ్‌బీఐ కరపత్రం ఒకటి బయటపడింది. మిలిటరీ సరుకు అమ్మే షాపుల వాళ్లు ఎవరి మీద కన్నేయాలో అందులో ఉంది. సైనికుల భోజనం ప్యాకెట్లు పెద్దమొత్తంలో కొనేవాళ్లు, నగదే ఇస్తామని పట్టుబట్టేవాళ్లు, తమ వివరాలు గోప్యంగా ఉంచమనేవాళ్లు. వీటిలో కొన్ని విడిగా చూస్తే అమాయకమైనవే కావచ్చని కూడా రాశారు, పాపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇక్కడ కప్పా పామూ ఒకే ఖజానా నుంచి జీతం తీసుకుంటున్నాయి.

సరే, కార్డుతో కొందామనుకున్నాను. బ్యాంకు దగ్గరున్న మన లావాదేవీల చిట్టా మీద మనకు గోప్యత హక్కు లేదని అమెరికా సుప్రీంకోర్టు 1976లోనే తేల్చేసింది. అంటే నగదు ఇస్తే అనుమానం, కార్డు ఇస్తే ఆధారం.

ఇక అమెరికాలోనే 1950 నాటి రక్షణ ఉత్పత్తి చట్టం ఉంది. అధ్యక్షుడు కొరత సరుకుగా ప్రకటించిన దాన్ని ఇంటి 'సహేతుక' అవసరానికి మించి పోగేస్తే అక్కడ నేరం. 2020లో మాస్కుల విషయంలో దాన్ని బయటికి తీశారు. తిండి జోలికి రాలేదు కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఆ 'సహేతుకం' ఎన్నో డబ్బా దగ్గర ఆగుతుంది? కొలిచే అధికారి మా బావమరిది భోజనం చేస్తుండగా చూశాడా?

అందుకే కొనుగోలంతా పరమ రహస్యంగా నడిపాను. టోపీ పెట్టుకుని, మనకు తెలిసినవాళ్లెవరూ లేని షాపుకి వెళ్లి, అటూ ఇటూ చూసుకుని బండి నింపాను. బిల్లు దగ్గర మాత్రం పాయింట్లు పోతాయని ఫోన్ నంబరు గట్టిగా రెండుసార్లు చెప్పాను. అంతకుముందు 'ప్రభుత్వానికి తెలియకుండా తిండి దాచడం ఎలా' అని అదే ఫోన్‌లో వెతికాను, లాగిన్ అయ్యి మరీ.

మొన్న రాత్రి అటకెక్కి చూస్తే పదకొండు డబ్బాల గడువు నిరుడే ముగిసింది. ఇన్ని కళ్లు నామీద ఉండి ఒక్కరూ చెప్పలేదే అని బాధేసింది. ఎవరికీ వినపడకుండా దిగి పడుకున్నాను.

తెల్లారేసరికి ఫోన్‌లో మెసేజ్: 'మీ నిల్వ మార్చుకునే టైమ్ అయింది. పన్నెండు డబ్బాలు కొంటే ఒకటి ఉచితం.'

లెక్క తప్పిందని నవ్వుకుని, అనుమానం తీరక మళ్లీ అటకెక్కాను. మూల ఇంకొకటి ఉంది.