ఆకు మేలు మాత్రలో దొరకదు

రోజ్‌మేరీలోని ఫలానా ఆమ్లం క్యాన్సర్ కణాలను చంపేసిందని ఒక వార్త. పార్‌స్లీలోని యాపిజెనిన్ మెదడును కాపాడుతుందని మరొకటి. వీటి వెనకే ఆ పదార్థాన్ని చిక్కగా తీసి నింపిన మాత్రల సీసా వచ్చేస్తుంది. ఆకుల్లోని రసాయనాలు మేలు చేస్తాయనడంలో అనుమానం అక్కర్లేదు. కానీ ఎంత తింటాం, ఎలా కోస్తాం, దేనితో కలుపుతాం, దేని బదులు వాడతాం అన్నవాటిని బట్టే ఆ మేలు నిలుస్తుంది. సీసాలో ఈ నాలుగింటికీ చోటు లేదు.

ముందుగా ప్రయోగశాల సంగతి. గాజు పాత్రలోని కణాల మీద పోసే పాలీఫినాల్స్ (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనాలు, యాపిజెనిన్ లాంటివి) గాఢత తరచుగా లీటరుకు 10 నుంచి 100 మైక్రోమోల్స్ ఉంటుంది. ఆకు తిన్న మనిషి రక్తంలో అదే పదార్థం, రూపం మారకుండా, సాధారణంగా 1 మైక్రోమోల్ కూడా ఉండదు. పుదీనా, తులసి, సేజ్ ఆకుల్లో దొరికే రోజ్‌మరినిక్ ఆమ్లాన్నే తీసుకోండి. 1958లో రోజ్‌మేరీ నుంచి వేరుచేశారు కాబట్టి ఆ పేరు. తిన్నాక దానిలో ఎక్కువ భాగాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా ముక్కలు చేసేస్తుంది. ఒంటికి పట్టేది ఆ ముక్కలే. గాజు పాత్రలో పరీక్షించిన అణువు ఒకటి, రక్తంలోకి చేరేది మరొకటి. పైగా కొన్ని పాలీఫినాల్స్ కణాలను పెంచే ద్రవంలోనే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. కణాలు చచ్చేది ఆ పెరాక్సైడ్ దెబ్బకు, ఘనత మాత్రం ఆకు ఖాతాలో పడుతుంది. యాంటీఆక్సిడెంట్ స్కోర్లదీ ఇదే కథ. ఆ విలువలకు మనిషి ఆరోగ్యంతో సంబంధం తేలడం లేదంటూ అమెరికా వ్యవసాయ శాఖ 2012లో, ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని ప్రయోగశాలలో కొలిచి ఇచ్చిన తన ‘ఓరాక్’ పట్టికనే తొలగించింది. ఇప్పటికీ మాత్రల సీసాల మీద ఆ అంకెలు చూపించి అమ్మడం అన్యాయం.

మనుషుల మీదే రుజువైన మేలు ఎక్కడుంది? నైట్రేట్‌లో ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సలాడ్లలో వేసే రాకెట్ ఆకు (అరుగులా) లాంటివాటిలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగానే నైట్రేట్ ఉంటుంది. తిన్నదానిలో సుమారు నాలుగో వంతు తిరిగి లాలాజలంలోకి వస్తుంది. నాలుక వెనక భాగంలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మింగాక అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, రక్తనాళాలు సడలుతాయి, రక్తపోటు కొద్దిగా దిగుతుంది. క్రిములను చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఈ గొలుసు మధ్యలోనే తెగిపోతుందని పరీక్షల్లో తేలింది. నోట్లోని సూక్ష్మజీవులు పనిచేస్తేనే ఫలితమిచ్చే పోషకమిది. ఇక్కడ మోతాదు ముఖ్యం. రక్తపోటు మీద ఫలితం చూపిన ప్రయోగాల్లో రోజుకు 300 నుంచి 400 మిల్లీగ్రాముల నైట్రేట్ వాడారు. పైన చల్లుకునే పది గ్రాముల ఆకుతో ఆ లెక్క తీరదు, గిన్నెడు తినాలి. ఆకును ఉడికించి నీళ్లు పారబోస్తే నైట్రేట్‌తో పాటు ఫోలేట్, విటమిన్ సి కూడా ఆ నీళ్లలోనే పోతాయి. వండిన ఆకును గంటల తరబడి బయట వదిలేస్తే బ్యాక్టీరియా గిన్నెలోనే నైట్రైట్‌ను తయారుచేస్తుంది, అది ఎక్కువైతే ముఖ్యంగా పసివాళ్లకు ప్రమాదం. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఆరు నెలల లోపు పసివాళ్లకు అసలు పెట్టకూడదు.

రెండో మేలు ఇంకా పెద్దది, అది వచ్చేది వాసన వల్ల. అమెరికాలో 55 మంది పెద్దల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఉప్పు బదులు మసాలాలు, ఆకులతో రుచి తేవడం ఒక బృందానికి నేర్పారు. నేర్చుకోనివారితో పోలిస్తే వారు రోజుకు సుమారు 957 మిల్లీగ్రాముల సోడియం తక్కువ తిన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు పెట్టిన హద్దు 2,000 మిల్లీగ్రాములు. అంటే దాదాపు అందులో సగం! థైమ్‌లోని థైమాల్, ఒరెగానోలోని కార్వక్రాల్, పుదీనాలోని మెంథాల్ రక్తంలోకి చేరి ఏం చేస్తాయన్నది తర్వాతి మాట, ముక్కు దగ్గరే అవి ఉప్పును తగ్గించగలుగుతున్నాయి. ఏ మాత్రా చేయలేని పని ఇది.

అందుకే ఆకును వాడే తీరు మీద ఇంత పట్టుదల. పుదీనా కుటుంబపు ఆకుల్లో తైలం ఉండేది ఆకు పైపొర మీది సన్నటి తిత్తుల్లో. మొండి కత్తితో కోస్తే ఆకు తెగదు, నలుగుతుంది. అప్పుడు పాలీఫినాల్స్ వాటిని ఆక్సీకరించే ఎంజైమ్‌తో కలుస్తాయి, నిమిషాల్లో అంచులు నల్లబడతాయి. పదునైన కత్తితో, వడ్డించే ముందే కోయాలి. నిల్వ చేయాలంటే మరిగే నీళ్లలో పది, పదిహేను సెకన్లు ముంచి వెంటనే మంచునీళ్లలో వేస్తే ఎంజైమ్ పని చాలావరకు ఆగుతుంది. బేసిల్ తులసిని 12 డిగ్రీల కంటే చల్లగా పెడితే మచ్చలు పడి నల్లబడుతుంది. కొత్తిమీరకు మాత్రం సున్నాకు దగ్గరగా ఉన్న చలే హాయి. ఎండబెట్టేటప్పుడు నీడలో, పలుచగా పరచి, 35 నుంచి 40 డిగ్రీలు దాటకుండా చూడాలి. దాటితే తైలం ఎగిరిపోతుంది, మందంగా పోస్తే అడుగున బూజు పడుతుంది. కాడ ఫెళ్లున విరిగితే ఎండినట్టు. రోజ్‌మేరీ లాంటి గట్టి ఆకులు వంట మొదట్లో నూనెలో పడాలి, మెత్తటివి దించే ముందు. ఆకుల్లోని రంగు పదార్థాలైన ల్యూటిన్, బీటా కెరోటిన్ కొవ్వులోనే కరుగుతాయి కాబట్టి ఆకు తినే పూటలో ఒకటి రెండు చెంచాల నూనె తప్పనిసరి.

వాదనకు రెండో వైపూ ఉంది. పుదీనా తైలపు మాత్రలు ఐబీఎస్ (పదేపదే కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం తెచ్చే పేగుల సమస్య) బాధలకు ఉపశమనం ఇస్తాయని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో సూచించింది. ఆర్టిమీసియా మొక్క ఆకుల నుంచి మలేరియా మందు ఆర్టిమిసినిన్‌ను తీసిన చైనా శాస్త్రవేత్త తు యుయుకు 2015లో నోబెల్ వచ్చింది. మలేరియాకు ఆ ఆకు కషాయం పనికిరాదు, శుద్ధి చేసిన మందే కావాలి. ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ రెండూ మోతాదు తేల్చి, రోగుల మీద పరీక్షించి, మందులుగా నెగ్గుకొచ్చాయి. సీసాల్లోని ‘ఆకు సారం’ ఆ పరీక్షకు కూర్చోకుండానే మందు హోదా కోరుతోంది.

ఆ పరీక్ష ఎందుకు తప్పదో బీటా కెరోటిన్ చూపించింది. ఆకుకూరలు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, అందులోంచి ఒక్క అణువును తీసి మాత్ర చేశారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిపిన ప్రయోగం ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో విటమిన్ ఎ కూడా కలిపి ఇచ్చిన మరో ప్రయోగంలో 28 శాతం ఎక్కువ కావడంతో, దాన్ని గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. తిండిని అణువుల గోదాముగా చూసి, అందులోంచి ఒకదాన్ని ఎత్తుకుపోవచ్చనుకునే ఆలోచనకు పడిన దెబ్బ అది. ముప్పై ఏళ్లు దాటినా అదే ఆలోచన కొత్త కొత్త ఆకుల పేర్లతో తిరిగి వస్తోంది.

ఆకుకూ జాగ్రత్త కావాలి. పార్‌స్లీలో 100 గ్రాములకు సుమారు 1,600 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుంది. రెండు పెద్ద చెంచాల తురుముతోనే పెద్దవాళ్లకు ఒక రోజుకు సరిపడేంత అందుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు పనికి ఈ విటమిన్ అడ్డొస్తుంది. అలాగని ఆ మందు వాడేవారు ఆకు మానేయనక్కర్లేదు. ఒక వారం గంపెడు, మరో వారం సున్నా అన్నట్టు కాకుండా రోజూ ఇంచుమించు ఒకే కొలత తినాలి. మార్చాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆకు విషయంలో ఈ కొలత కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. మాత్ర విషయంలో అది దాగిపోతుంది.

కాబట్టి ప్రతి సీసా మీద రెండు సంగతులు తప్పనిసరి చేయాలి: ఒక మాత్ర ఎన్ని గ్రాముల పచ్చి ఆకుతో సమానం, ఆ మోతాదును మనుషుల మీద ఎంతకాలం పరీక్షించారు. ఇది జరగని పనేమీ కాదు. గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ అనే పాలీఫినాల్ రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయానికి హాని సూచనలు కనిపిస్తున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. 2022లో ఐరోపా సమాఖ్య రోజు మోతాదు ఆ అంకె కంటే తక్కువే ఉండాలని నిబంధన పెట్టింది. ఖాళీ కడుపుతో తీసుకోవద్దని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువారు వాడొద్దని లేబుల్ మీద ముద్రించాలంది. వేడినీళ్లలో నానబెట్టి తాగే అదే ఆకుకు ఈ హెచ్చరికలేవీ అవసరం పడలేదు.