ఉభయకుశలోపరి, ఏక్యూఐ గారూ

గాలి ఎంత చెడిందో అంకెతో, రంగుతో చెప్పే సూచీ, మహారాజశ్రీ ఏక్యూఐ గారికి, కాలిఫోర్నియా ఫ్రీమాంట్ నుంచి మీ భక్తుడు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, నేను కుశలమో కాదో మీరు చెబితే గానీ నాకు తెలియడం లేదు. పొద్దున్నే గొంతు గరగరలాడితే ఒకప్పుడు ఉప్పునీళ్లు పుక్కిలించేవాణ్ణి. ఇప్పుడు ముందు ఫోన్ తీసి మీ రంగు చూస్తున్నాను. మీరు ఆకుపచ్చగా ఉంటే ఆ గరగర నా భ్రమ.

2020 సెప్టెంబరు 9 గుర్తుందా? ఆకాశమంతా మాగిన బొప్పాయి రంగు. ఇంట్లో లైట్లు వేసుకున్నాం. వీడియో కాల్లో అమ్మ "అక్కడ తొమ్మిదైందిగా, ఇంకా తెల్లారలేదేంట్రా?" అంది. మీరేమో మా పేటకి పసుపు చూపించి, ఫర్వాలేదన్నారు. మీ తప్పేం లేదు లెండి. కార్చిచ్చుల పొగంతా సముద్రం మీంచి వచ్చిన మంచు పొర పైన ఆగిపోయింది, మీరు కొలిచేది మనిషి ముక్కుకి అందే గాలిని. రెండు రోజులకి ఆ పొగ కిందికి దిగింది. ఆకాశం మామూలు బూడిదరంగుకి వచ్చింది, మేం హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు ఎర్రబడ్డారు మీరు.

ఆ ఏడు ఆగస్టు 18 నుంచి వరసగా 30 రోజులు హెచ్చరికలు. వాటితోపాటు ఒక షరతు, ఇంట్లో కట్టెలు కాల్చరాదని. ఉత్తరాన ఆగస్ట్ కాంప్లెక్స్ అనే కార్చిచ్చు ఒక్కటే చివరికి పది లక్షల ఎకరాలు దాటింది. మా ఇంట్లో ఉన్నవి రెండు కట్టెలు. ముట్టుకోలేదు.

కరోనాకి కిటికీలు తెరవమన్నారు, పొగకి మూయమన్నారు. మూశాం. గాలి శుభ్రం చేసే మిషన్ ఒకటి కొన్నాం, దానికీ మీ రంగుల పిచ్చే. బయట అడవి తగలబడుతుంటే అది పచ్చగా, ప్రశాంతంగా తిరిగేది. పప్పులోకి రెండు ఎండుమిరపకాయలూ ఆవాలూ ఇంగువా వేసి పోపు పెట్టానో లేదో, ఎర్రబడి విమానంలా మోత పెట్టేది. మూడు వారాలు పోపు లేని పప్పు తిన్నామండీ. కార్చిచ్చు నుంచి ప్రాణాలు కాపాడుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, దీన్ని కష్టమని చెప్పుకోకూడదు గానీ, ఆ పప్పు మీరొకసారి తిని చూడాలి.

ఇక మీ అవతారాలు. ఒక యాప్‌లో 87, ఇంకోదాంట్లో 162, పక్కింటి గోడకున్న చిన్న సెన్సర్లో 210. ఒకటి గత 12 గంటల లెక్కా కలుపుతుందట, చిన్న సెన్సరేమో కట్టెల పొగని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. మా వాకింగ్ గ్రూపులో నడవాలనుకున్నవాళ్లు 87 పంపేవాళ్లు, ఎగ్గొట్టాలనుకున్నవాళ్లు 210. నేను రెండో రకం. ఊళ్లో ప్రయాణం తప్పించుకోవాలంటే వర్జ్యం చూసేవాళ్లం, ఇదీ అలాంటిదే.

ఒకరోజు మీరు 168. అమ్మకి చెబితే "అంతేనా? మా దగ్గర దాన్ని మధ్యస్థం అంటారు" అంది. నిజమే, అక్కడి పట్టికలో 200 దాకా మధ్యస్థమే. ఇక్కడ 151 నుంచే అనారోగ్యకరం. సెలవులకి వెళ్లినప్పుడు నా ఊపిరితిత్తులు ఏ దేశం పట్టిక పాటించాలో సెలవివ్వండి.

ఆ 168 రోజునే మా వీధి తోటమాలి వచ్చాడు, వీపున ఆకులు ఊదే మిషన్‌తో. గాలి 151కి చేరితే బయట పనిచేసేవాళ్లకి యజమాని ఎన్95 మాస్కులు ఇవ్వాలని 2019 నుంచి ఇక్కడ నిబంధన. ఆయనకి యజమాని ఆయనే. నెలనెలా డబ్బిచ్చేది మాత్రం మేము. మొహానికి పూల రుమాలు ఒకటి కట్టుకున్నాడు. గడ్డి మీది ఆకులు ఊదేశాక మా కరివేపాకు కుండీ మీద పడ్డ బూడిద కూడా ఊది, కిటికీలో నన్ను చూసి చెయ్యి ఊపాడు.

నేనూ ఊపాను. డబ్బాలో ఎన్95లు పదిహేనున్నాయి. ఇద్దామంటే తలుపు తియ్యాలి. మీరేమో 168.

ఇట్లు,
లోపలే ఉన్న
మీ భక్తుడు